884.80 – శ్రీశైలం గేజి దగ్గరి జ్ఞాపకాలు

తొంభైల చివర్లో జూలై వచ్చిందంటే కృష్ణా ఆయకట్టు ఊళ్లన్నిటా ఒకటే ప్రశ్న: "డ్యాంలో నీళ్లెంత?" సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చేసరికి అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. మర్నాడు పేపర్లో చిన్న పెట్టె కట్టి శ్రీశైలం, నాగార్జునసాగర్, జూరాల, తుంగభద్ర మట్టాలు వేసేవారు. శ్రీశైలం 885, సాగర్ 590, జూరాల 1045, తుంగభద్ర 1633 అడుగులు. ఈ నాలుగు పూర్తి మట్టాలూ చదువు రాని రైతుకు కూడా నోటికి వచ్చేవి. శ్రీశైలం ఆ అంకె ఎలా తయారయ్యేదో, దాన్ని ఏడాది పొడుగునా ఎలా పైకీ కిందికీ నడిపేవారో తెలిసినవాళ్లు సున్నిపెంట, ఈగలపెంట, దోమలపెంట కాలనీల్లో ఉండేవారు. ఆ పని తీరు మరిచిపోకముందే రాసి పెట్టాలనిపించింది.

బయట చాలామంది అడుగంటే అడుగే అనుకుంటారు. జలాశయం మూకుడు లాంటిది: అడుగున ఇరుకు, అంచు దగ్గర వెడల్పు. 834 నుంచి 854 దాకా ఇరవై అడుగులు ఎక్కితే చేరేది 35 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), అంటే అడుగుకు రెండు కూడా లేవు. అదే 884 నుంచి 885కు ఒక్క అడుగు ఎక్కాలంటే 4.8 టీఎంసీలు కావాలి. అందుకే జూలైలో "రోజుకు నాలుగడుగులు పెరిగింది" అన్న వార్త విని సంబరపడినవాళ్లే, ఆగస్టులో అంతే వరద వస్తున్నా "అడుగున్నరే పెరిగిందేం?" అని దిగాలుపడేవారు. నీళ్లు తగ్గలేదు, గిన్నె వెడల్పయింది, అంతే.

ఈ లెక్కంతా సామర్థ్య పట్టికలో ఉండేది. పదో వంతు అడుగుకు ఒక అంకె చొప్పున టైపు చేసిన కాగితాలు, అట్టకు అంటించి, మూలలు నలిగిపోయి, కంట్రోల్ రూమ్ బల్ల మీద ఎప్పుడూ ఉండేవి. ప్రాజెక్టు కట్టినప్పుడు 885 దగ్గర నిల్వ 308.06 టీఎంసీలు. పూడిక మీద సర్వే చేశాక అది 263.63కు, ఆ తర్వాత 215.807కు దిగింది. మట్టం అదే, గేజి (మట్టం చదివే కొలపలక) అదే, నీళ్లు మాత్రం మూడో వంతు తక్కువ. ఇప్పటి పట్టికలో 884.80కి ఎదురుగా 214.845 ఉంటుంది, 884.90కి 215.326. పాత పట్టిక కంఠతా వచ్చినవాళ్లకు కొత్తది అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఆ తగ్గిన తొంభై పైచిలుకు టీఎంసీలు వాళ్ల మనసులో ఒక బాధగానే మిగిలిపోయాయి.

నీటి సంవత్సరం జూన్ ఒకటిన మొదలవుతుంది. కానీ శ్రీశైలానికి జూన్‌లో వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. పడమటి కనుమల్లో వాన దంచికొట్టినా ముందు ఆల్మట్టి నిండాలి, తర్వాత నారాయణపూర్, తర్వాత జూరాల. జూరాల చిన్నది, 9.66 టీఎంసీలే కాబట్టి అట్టే పట్టి ఉంచదు. రెండో దారి తుంగభద్ర: హోస్పేట డ్యాం నిండి, సుంకేసుల దాటి, కర్నూలు దగ్గర హంద్రీని కలుపుకుని వస్తుంది. సీజన్‌లో తొలి నీళ్లు ఎప్పుడూ ఆలస్యమే. ఎండిన ఇసుక తాగాలి, ఏటిలో మడుగులన్నీ నిండాలి, ఆ తర్వాతే ముందుకు కదులుతుంది. ఆగస్టులో అదే నీళ్లు, అదే దూరం, గంటలు తగ్గిపోతాయి. ఈ తేడా తెలియని కొత్త ఇంజినీరు జూలై ప్రయాణ సమయాన్ని సెప్టెంబరు వరదకు వేసుకుని కూర్చుంటే, నీళ్లు ఆయన లెక్క కంటే ముందే వచ్చేసేవి.

వరద వార్త వైర్‌లెస్ సెట్లో వచ్చేది. కేంద్ర జల సంఘం వాళ్ల స్టేషన్లు కృష్ణ మీద దేవసూగూరు, కృష్ణ అగ్రహారం, తుంగభద్ర మీద మంత్రాలయం, బావాపురం. అక్కడి గేజి మట్టం, ప్రవాహం, సమయం, ఈ మూడే చెప్పేవారు. ఉరుములు, గరగర శబ్దం మధ్య ఒక్కో అంకెను విడివిడిగా రెండుసార్లు పలికి, ఇటువైపు మళ్లీ చదివి వినిపించాకే రిజిస్టర్లో రాసేవారు. ఒక్క సున్నా తేడా వస్తే గేట్లు తప్పుగా లేస్తాయి. అందుకే ఆ విసుగు లేని ఓపిక.

వచ్చే వరదను నేరుగా కొలిచే సాధనం డ్యాం దగ్గర ఏదీ ఉండదు. ఇన్‌ఫ్లో అన్నది వెనక్కి లెక్కగట్టేదే: బయటికి పోయినది, దానికి నిల్వలో పెరిగినది కలపాలి. ఉదయం ఆరింటికి 884.00, పన్నెండింటికి 884.30 అనుకుందాం. పెరిగిన మూడు పదో వంతులకు పట్టిక ప్రకారం 1.444 టీఎంసీలు. ఆరు గంటలంటే 21,600 సెకన్లు, భాగిస్తే దాదాపు 66,850 క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు). అప్పుడు టర్బైన్లు, గేట్లు కలిపి లక్షన్నర పోతుంటే ఇన్‌ఫ్లో 2.17 లక్షలు. రోజుకు 11,574 క్యూసెక్కులైతే ఒక టీఎంసీ, లక్ష క్యూసెక్కులైతే 8.64 టీఎంసీలు. ఈ రెండు అంకెలూ కాలిక్యులేటర్ లేకుండానే అందరి నాలుక మీద ఆడేవి.

ఈ లెక్కలో ఉన్న ప్రమాదమంతా గేజి చదవడంలోనే ఉంది. పై అంచున పదో వంతు అడుగు తప్పు చదివి, దాన్ని ఒక్క గంటకు లెక్క వేస్తే, లేని వరద 1.34 లక్షల క్యూసెక్కులు కాగితం మీద పుట్టుకొస్తుంది. లేదా ఉన్న వరద అంత మాయమవుతుంది. అదే తప్పు ఆరు గంటల మీద పరుచుకుంటే 22 వేలకు తగ్గుతుంది. అందుకే పాతవాళ్లు గంట లెక్కను చూసేవారే కానీ నమ్మేవారు కాదు. మూడు గంటల, ఆరు గంటల సగటు తీసి, దాన్ని పైనుంచి వచ్చిన జూరాల, సుంకేసుల అంకెలతో పోల్చి, రెండూ ఒకేవైపు చెబుతున్నాయంటేనే నిర్ణయం. గాలి మరో చిక్కు. జలాశయం పొడుగునా నీటి మీదుగా గాలి వీస్తే నీళ్లు డ్యాం వైపు ఎగదోసుకువస్తాయి, గేజి పెరిగినట్టు చూపిస్తుంది. గాలి పడిపోగానే తగ్గుతుంది. అలల మీద చదవాల్సి వస్తే పైకి లేచిన చోటు, కిందికి దిగిన చోటు కొన్నిసార్లు చూసి మధ్య అంకె వేసుకోవాలి. రాత్రి వానలో టార్చిలైటు పట్టుకుని గేజి పలక మీద ఆ మధ్య అంకె కోసం నిలబడే లస్కర్ల మీద ఎంత భారం ఉండేదో, ఆ అంకె మీద ఎన్ని జిల్లాలు ఆధారపడేవో చెప్పడానికి మాటలు చాలవు. తర్వాత్తర్వాత ఆటోమేటిక్ గేజీలు వచ్చాయి. అవీ తప్పుతాయి. కంటితో సరిచూసే మనిషి ఇంకా కావాలి.

ఇక గేట్లు. పన్నెండు రేడియల్ గేట్లు, ఒక్కోటి 60 అడుగుల వెడల్పు, 55 అడుగుల ఎత్తు. క్రెస్ట్, అంటే గేటు కూర్చునే గట్టు, మట్టం 830. దాని మీద 55 వేస్తే సరిగ్గా 885. అంటే మూసిన గేటు పై అంచు, పూర్తి నీటిమట్టం ఒకటే. 885 దాకా నింపితే అల లేచిన ప్రతిసారీ నీళ్లు గేటు మీదుగా దూకుతాయి. గేటు వెనక ఉన్న చేతులు, ట్రన్నియన్లు (గేటు తిరిగే ఇరుసులు) తడవకూడని చోటు తడుస్తాయి. అందుకే నిండిందని చెప్పే రోజున కూడా మట్టం 884 పైచిలుకు దగ్గరే పట్టి ఉంచేవారు. "ఇంకో పది పాయింట్లు పట్టుకోవచ్చు కదా" అని కింది ఆయకట్టు నుంచి అడిగేవాళ్లకు జవాబు ఇదే.

నిండుగా ఉన్నప్పుడు ఒక గేటు పది అడుగులు ఎత్తితే 27–28 వేల క్యూసెక్కులు పోతాయి. పది గేట్లు పది అడుగులు ఎత్తితే 2.8 లక్షలకు దగ్గర. మట్టం 870కి దిగాక అదే పది అడుగులకు ఒక్కో గేటుకు నాలుగైదు వేలు తగ్గుతుంది, ఒత్తిడి తగ్గింది కాబట్టి. కాబట్టి "ఎన్ని గేట్లు, ఎన్ని అడుగులు" అన్నంత మాత్రాన అవుట్‌ఫ్లో చెప్పలేం, ఆ గంట మట్టం కూడా కావాలి. ఎత్తే వరస కూడా ముఖ్యం. ముందు మధ్య గేట్లు, తర్వాత రెండు పక్కలకూ సమానంగా. అంచు గేట్లను ఒంటరిగా ఎత్తితే నీళ్లు కొండ చరియను కొట్టి రాళ్లు లేపుతాయి. కింద గుంట కోతకు గురికావడం ఈ డ్యాంకు మొదటి నుంచీ ఉన్న తలనొప్పి. మరీ సన్నగా, కొన్ని అంగుళాలే ఎత్తి వదిలేస్తే కింది రబ్బరు సీలు దగ్గర నీళ్లు చీలి గేటు అదురుతుంది. ఆ అదురు చెయ్యి పెడితే తెలిసేది. అలాంటప్పుడు ఒక గేటు పూర్తిగా మూసి, మిగతావి ఇంకాస్త ఎత్తడమే సరైన పని.

ఎత్తే ముందు సైరన్. ఒకసారి మోగించి సరిపెట్టకూడదు. లింగాలగట్టు దగ్గర వలలు వేసినవాళ్లు, కింద ఏట్లో స్నానాలు చేసేవాళ్లు పైకి వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాతే మొదటి గేటు కొద్దిగా, తర్వాత అంచెలంచెలుగా. కింద సాగర్‌కు ముందే ఫోన్ చెయ్యాలి, వాళ్లు తమ 26 గేట్ల లెక్క చూసుకోవాలి.

శ్రీశైలం పుట్టింది కరెంటు కోసం. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసింది జల విద్యుత్ ప్రాజెక్టుకే, సాగునీటి బాధ్యతలు తర్వాత వచ్చి చేరాయి. 1982లో కుడిగట్టున తొలి యూనిట్ తిరిగింది. మొత్తం ఏడు యూనిట్లు, ఒక్కోటి 110 మెగావాట్లు. అవన్నీ తిరిగినా 30 వేల పైచిలుకు క్యూసెక్కులే పోయేవి. ఎడమగట్టు భూగర్భ కేంద్రం 2001–2003 మధ్య వచ్చాక ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు, ఇంకో 35 వేల క్యూసెక్కులు కలిశాయి. రెండు గట్లూ కలిసి రోజుకు ఆరు టీఎంసీలు దింపగలవు. పైమట్టంలో అది అడుగుంపావు. ఇది చాలా పెద్ద మార్పు. అంతకుముందు వరద లక్ష దాటితే గేట్లు తప్ప దారి లేదు. గేటు మీదుగా పోయిన నీళ్లు చూడ్డానికి అందమే కానీ ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వవు. పెన్‌స్టాక్ (టర్బైన్‌కు నీళ్లు తెచ్చే గొట్టం) గుండా పోయిన ఒక్కో టీఎంసీ, నూరు మీటర్ల ఎత్తు దొరికితే, 65–70 లక్షల యూనిట్లు ఇస్తుంది. అందుకే వరద వస్తోందని నాలుగు రోజుల ముందు తెలిస్తే టర్బైన్లతోనే ఐదడుగులు ఖాళీ చెయ్యడం, గేట్లు ఆఖరికి ఉంచుకోవడం ఈ పనిలో అసలైన నేర్పు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టులో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి. వరద కాలం మధ్యలో ఆ 35 వేల క్యూసెక్కుల దారి ఆగిపోయింది. పోయిన మనుషుల ముందు ఆ నీటి లెక్క ఎవరికీ లెక్క కాలేదు.

కిందున్న సాగర్ నిండితే దాని వెనక జలాలు శ్రీశైలం పాదాల దాకా వస్తాయి. అప్పుడు ఇక్కడ టర్బైన్‌కు దొరికే ఎత్తు తగ్గుతుంది, అదే నీటికి కరెంటు తక్కువ వస్తుంది. కానీ అదే సమయంలో ఎడమగట్టు రివర్సిబుల్ యూనిట్లకు మేలు. రాత్రిళ్లు గ్రిడ్‌లో కరెంటు మిగిలితే కింది నీళ్లను మళ్లీ పైకి తోడుకోవచ్చు.

మట్టాల నిర్వహణలో నీళ్లు నిలపడం కంటే ఖాళీ నిలపడం కష్టం. జూలైలో ఎవరైనా ఖాళీ ఉంచుతారు, ఎందుకంటే నీళ్లే లేవు. సెప్టెంబరు చివర్లో ఖాళీ ఉంచాలంటే గుండె కావాలి. ఆ నీళ్లు వదిలేశాక మళ్లీ వరద రాకపోతే రబీ పోయిందని అందరూ వేలెత్తి చూపిస్తారు. 2009లో జరిగింది ఇదే కథకు మరో వైపు. ఆ ఏడు దేశమంతా కరువు. దాచుకున్న ప్రతి బొట్టూ బంగారం అనుకునే సమయం. సెప్టెంబరు ముగిసేసరికి జలాశయం నిండుకు దగ్గరలో ఉంది. అప్పుడు తుంగభద్ర, కృష్ణ పరీవాహకంలో ఎవరూ ఊహించని వాన కురిసింది. డ్యాంను 19 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేశారు. అక్టోబరు 2న వచ్చింది 25 లక్షలకు పైనే. పన్నెండు గేట్లూ ఎత్తినా మట్టం 885 దాటి 896 అడుగుల పైకి వెళ్లింది. మంత్రాలయం, కర్నూలు, ఆలంపూర్ మునిగాయి. ఆ రాత్రి ఆనకట్ట మీద నిలబడి విధుల్లో ఉన్నవాళ్ల ధైర్యానికి ఈ రాష్ట్రాలు ఎంతో ఋణపడి ఉన్నాయి. కింద ప్రకాశం బ్యారేజీకి చేరేసరికి వరద 11 లక్షల పైచిలుకుకు తగ్గింది, శ్రీశైలం, సాగర్ రెండూ మధ్యలో పట్టుకున్నాయి కాబట్టి. సాగర్‌లో అప్పుడు చోటు లేకపోయి ఉంటే విజయవాడ పరిస్థితి వేరుగా ఉండేది.

జలాశయం తోక దగ్గర, అంటే నది వచ్చి కలిసే పైచివర, నీటిమట్టం డ్యాం దగ్గర గేజి చూపించేదానికి సమానంగా ఉండదన్న సంగతి చాలామందికి ఆ ఏడే తెలిసింది. వరద దిగుతున్నప్పుడు పైన వాలు ఉంటుంది. డ్యాం దగ్గర 885 అయితే కర్నూలు వైపు అంతకంటే ఎన్నో అడుగులు ఎక్కువ. పెద్ద వరద ముందు డ్యాం దగ్గర కొన్ని అడుగులు దింపడం వల్ల పైనున్న ఊళ్లకు కూడా కొంత ఊరట. అయితే వరద తోకకు చేరాక దింపడం మొదలెడితే ఆలస్యమైనట్టే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పెద్ద చెప్పుకోవడానికేమీ లేదు. మట్టం నెమ్మదిగా దిగుతుంది, సాయంత్రం కరెంటు గిరాకీకి యూనిట్లు ఎక్కుతాయి, రాత్రి దిగుతాయి. ఎండ ముదిరాక ఆవిరి సంగతి మొదలవుతుంది. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలానికి ఏటా 33 టీఎంసీలు ఆవిరి నష్టంగా లెక్కగట్టింది. చెన్నైకి మూడు రాష్ట్రాలూ కలిసి ఇచ్చే 15 టీఎంసీల కంటే అది రెట్టింపు. విశాలమైన నీళ్లు ఎండలో పడి ఉంటే అంత పోతుంది.

వేసవిలో ఎక్కడిదాకా దింపొచ్చన్నదే అసలు తగాదా. 1996 జీవో 834 అడుగులను కనీస మట్టంగా పెట్టింది. 2004లో అది 854 అయింది, పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమకూ, చెన్నైకీ నీళ్లు సరిగా అందాలంటే అంత ఎత్తు కావాలని. కరెంటు వాళ్లకూ, సాగర్ కింద రైతులకూ 834 నచ్చుతుంది. సీమకు 854 ప్రాణం. ఇరుపక్షాలదీ న్యాయమైన అవసరమే. ఇరవై అడుగుల మధ్య ఉన్నది 35 టీఎంసీలు, వాటికి హక్కుదారులు మాత్రం చాలామంది. 2014 తర్వాత కుడిగట్టు ఒక రాష్ట్రానిదీ, ఎడమగట్టు మరో రాష్ట్రానిదీ అయ్యాక ఆ గేజి చదివే అంకెకు మధ్యలో నదీ యాజమాన్య బోర్డు కూడా వచ్చింది.

మట్టం 840 దిగువకు వచ్చాక సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలోనే ఉండే దేవుడు. మునిగిన ఊళ్లవాళ్లు అప్పుడు వస్తారు. పాత బావి ఒడ్డు, ఇంటి పునాది రాళ్లు, రచ్చకట్ట గుర్తుపట్టి పిల్లలకు చూపిస్తారు. 1981 ప్రాంతంలో వంద ఊళ్లు ఖాళీ చేసి వెళ్లిన జనం వాళ్లు. కరెంటు లెక్కలు రాసే రిజిస్టర్లలో ఆ ఊళ్లకు ఒక గడి కూడా లేదు. ఉండాల్సింది. ఒడ్డున జాలర్ల గుడిసెలుంటాయి, కోస్తా నుంచి వలస వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లకు మట్టం ఎంతన్నదాని కంటే ఎంత తొందరగా మారుతోందన్నది ముఖ్యం. తొలి వరదకు ఒడ్డు గడ్డిలో చేప గుడ్లు పెట్టాక మట్టం ఒక్కసారిగా దిగితే గుడ్లు ఒడ్డున ఎండిపోతాయి.

ఏప్రిల్, మే నెలల్లో మట్టం 830 కిందికి దిగితే గేట్ల వాళ్లకు పండగ. క్రెస్ట్ మీద నీళ్లుండవు కాబట్టి పన్నెండు గేట్లూ పొడిగా దొరుకుతాయి. దిగని ఏడు స్టాప్‌లాగ్‌లు (గేటు ముందు నీళ్లను ఆపే తాత్కాలిక పలకలు) దించి ఒక్కో గేటు వంతున చెయ్యాల్సిందే, పని రెట్టింపు. ముందు ఇనుప తాళ్లు. తీగ తీగగా తెగిన చోట్లు వేళ్లతో కాదు, గుడ్డతో తడిమి చూడాలి, తెగిన తీగ గుడ్డను పట్టేస్తుంది. తాడు డ్రమ్ము మీద చుట్టుకునే చివర, గేటుకు తగిలించే చోట తుప్పు ముందు పుడుతుంది. రెండు పక్కల తాళ్ల బిగువు సమానంగా లేకపోతే గేటు వంకరగా లేచి పక్క సీలును కోసేస్తుంది. ట్రన్నియన్ బేరింగుల్లోకి కొత్త గ్రీజు పంపి, పాతది పూర్తిగా బయటికొచ్చేదాకా ఆపకూడదు. రబ్బరు సీళ్లు గట్టిపడి పగిలితే మార్చాలి, అతుకు పెట్టి నెట్టుకురాకూడదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ వేసవి పనుల విలువ అందరికీ తెలిసింది. అక్కడివి గొలుసులతో లేచే నిలువు గేట్లు, 33 ఉన్నాయి. ఆ ఖాళీలోకి స్టాప్‌లాగ్‌లు దించే ఏర్పాటు లేక, నిండిన జలాశయంలో నీళ్లు వదిలి మట్టం తగ్గించుకోవాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీటిలోనే తాత్కాలిక పలకలు దించి ఆపగలిగారు.

ఆఖరున డీజిల్ జనరేటర్. వరద రాత్రి లైన్ పోతే గేట్లు ఎత్తేది అదే. ఖాళీగా పది నిమిషాలు తిప్పి "బాగుంది" అని సంతకం పెట్టడం పరీక్ష కాదు. నిజంగా ఒక గేటు మోటారును దానికి తగిలించి, గేటును ఎత్తి దింపి చూడాలి. ఇంజెక్టరు మొరాయించినా, బ్యాటరీ బలహీనపడినా భారం పడ్డప్పుడే బయటపడుతుంది. ఇదంతా మే 31 లోపు అయిపోవాలి.